స్టాండర్డ్ హెరాల్డ్, హోండా సిటీ: ఏళ్ల తరబడి నడిపిన అనుభవం

నెల్లూరులో మా ఇంట్లో రెండు కార్లున్నాయి. ఒకటి 1960ల నాటి రెండు తలుపుల స్టాండర్డ్ హెరాల్డ్, మరొకటి 2020లో మన దేశంలో విడుదలైన అయిదో తరం హోండా సిటీ. హెరాల్డ్‌ను స్పోర్ట్స్ కారు అనడానికి చాలామంది ఒప్పుకోరు. 948 సీసీ ఇంజనుతో వేగంలో అది ఎవరినీ మించదన్నది నిజమే. అయితే ఇటలీకి చెందిన డిజైనర్ మికెలోట్టి రూపుదిద్దిన ఈ బండి చాసిస్‌నే, అంటే అడుగు చట్రాన్నే కురచ చేసి, ఇంగ్లండులో 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారును తెచ్చారు. మద్రాసులో తయారైన మా బండిలోనూ ఆ గుణం స్టీరింగు పట్టుకోగానే తెలుస్తుంది.

పవర్ స్టీరింగు లేకపోయినా చక్రం బరువనిపించదు. రోడ్డు మీది ప్రతి గతుకూ అరచేతికి తెలుస్తుంది. 25 అడుగుల వలయంలో బండి పూర్తిగా తిరిగిపోతుంది కనుక, స్టోన్‌హౌస్‌పేట సందుల్లో సిటీని ముందుకూ వెనక్కూ జరపవలసిన చోట హెరాల్డ్ ఒక్క తిప్పులో బయటపడుతుంది.

రాపూరు నుంచి చిట్వేలి వెళ్లే ఘాట్‌లో మాత్రం దానితో ఎంతో జాగ్రత్తగా ఉండాలి. వెనుక ఉన్నది స్వింగ్ యాక్సిల్ (ఒక్కో చక్రం తన ఇరుసుతో పాటే పైకీ కిందికీ ఊగే ఏర్పాటు) కావడం వల్ల, మలుపు మధ్యలో హఠాత్తుగా యాక్సిలరేటర్ వదిలితే వెనుక భాగం పైకి లేచి, బయటివైపు చక్రం లోపలికి మడతపడినట్లై పట్టు తప్పుతుంది. అందువల్ల మలుపు రాకముందే వేగం తగ్గించి, గేరు మార్చుకుని, మలుపు పూర్తయ్యే వరకు కాలు నిలకడగా ఉంచాలి. హోండా సిటీలో పట్టు తప్పుతున్నప్పుడు ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ వ్యవస్థ తానే సర్దుతుంది. అయినా హెరాల్డ్ నేర్పిన ఆ క్రమశిక్షణతోనే నేను దానినీ నడుపుతాను, వెనుక కూర్చున్నవారికి కుదుపు తగ్గడానికి కారణం అదేనని నా నమ్మకం.

జాతీయ రహదారి మీద ఒంగోలు దాకా కుటుంబంతో వెళ్లాలంటే సిటీయే. 121 హార్స్‌పవర్ ఇంజను, 506 లీటర్ల డిక్కీ, ఎయిర్‌బ్యాగులు, రోహిణి కార్తెలోనూ చల్లగా ఉంచే ఏసీ: ఇందులో ఆలోచించవలసిందేమీ లేదు. సీటు బెల్టులు లేని, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులున్న పాత బండిలో పిల్లలను హైవే ఎక్కించడాన్ని నేను సమర్థించను.

హెరాల్డ్ పోషణ వేరే విద్య. మడ్‌గార్డులతో సహా బానెట్ మొత్తం ముందుకు తెరుచుకుంటుంది కనుక, ముందు టైరు మీద కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు. ఇంత అనువైన ఏర్పాటును నేను మరే కారులోనూ చూడలేదు. ముందు చక్రాలు పక్కకు తిరిగే కీళ్లకు, అంటే ట్రన్నియన్లకు, గ్రీజు కాకుండా గేరాయిల్ ఎక్కించాలి, లేకపోతే అవి లోలోపల అరిగి విరిగే ప్రమాదముంది. మన ఎండల్లో పెట్రోలు పైపులోనే ఆవిరై బండి ఆగిపోతుంటుంది, కాబట్టి పైపును ఇంజను వేడికి దూరంగా మళ్లించాలి. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరును పాడుచేస్తుంది కనుక గొట్టాలన్నీ కొత్తవి వేయించాలి.

కొనదలచినవారు రంగు చూసి మోసపోకూడదు. మైపాడు వంటి తీరప్రాంతంలో ఉన్న బండి అయితే ముందుగా దానిని పైకెత్తించి, చాసిస్ పక్క కమ్ములను సుత్తితో తట్టి చూడాలి. అవి తుప్పు పట్టి ఉంటే, ఇంజను ఎంత బాగున్నా ఆ బండిని వదిలేయడమే మంచిది.