థైరాయిడ్ సపోర్ట్ క్యాప్సూల్స్: డబ్బాకి నాలుగు స్టార్లు, లోపలి సరుకుకి ఒకటి

తెనాలిలో మాది మందుల షాపు. ఈ డబ్బా మేం అమ్మం, అయినా మా కౌంటర్ మీదికి తరచూ వస్తుంది. న్యూజెర్సీలో ఉన్న కొడుకో, డాలస్‌లో ఉన్న కోడలో పంపిస్తారు. ఇక్కడున్న తల్లి దాన్ని చేతిసంచిలోంచి తీసి, "తమ్ముడూ, ఇది వాడితే పొద్దున్నే వేసుకునే ఆ చిన్న థైరాయిడ్ మాత్ర మానేయొచ్చంట గదా?" అని అడుగుతుంది. వచ్చిన ప్రతివాళ్లకీ విడివిడిగా చెప్పే బదులు ఒకసారి ఇక్కడ రాసేస్తున్నా. కంపెనీ పేరు రాయను. ఇలాంటివి చాలానే ఉన్నాయి, లోపలి సరుకు అటూ ఇటూగా ఒకటే.

ప్యాకింగ్‌కి వంక పెట్టలేం. ముదురు రంగు సీసా, గట్టి సీలు, లేబుల్ మీద ప్రతి పదార్థం ఎంతుందో రాశారు. రోజుకి రెండు క్యాప్సూల్స్. అందులో కెల్ప్ అనే సముద్రపు నాచు నుంచి తీసిన అయోడిన్ 325 మైక్రోగ్రాములు, సెలీనియం, టైరోసిన్, అశ్వగంధ, బయోటిన్ 5,000 మైక్రోగ్రాములు. మూత తీస్తే మాత్రం ఎండుచేపల సంతలో నిలబడ్డట్టే. శాకాహారులకు ఇచ్చే క్యాప్సూల్‌కి ఈ వాసనేమిటో!

ముందువైపు పెద్ద అక్షరాల్లో థైరాయిడ్ సపోర్ట్ అని ఉంటుంది. వెనక చిన్న అక్షరాల్లో, ఇది ఏ జబ్బునూ గుర్తించడానికి గానీ నయం చేయడానికి గానీ ఉద్దేశించింది కాదని ఉంటుంది. ఆ చిన్న అక్షరాలు అక్కడి చట్టం కోసం రాసినవి. కొనేవాళ్లు చదివేది పెద్ద అక్షరాలే.

థైరాయిడ్ గ్రంథి హార్మోన్ తయారుచేసుకునేది అయోడిన్‌తోనే. పెద్దవాళ్లకి రోజుకి కావలసిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు. మన దేశంలో అయోడైజ్డ్ ఉప్పు ఇంటికి చేరేసరికి కనీసం 15 పీపీఎం ఉండాలని నియమం. అంటే గ్రాము ఉప్పులో 15 మైక్రోగ్రాములు. ఆ లెక్కన కిలో ప్యాకెట్‌లో ఒక మనిషికి వంద రోజులకు సరిపడా అయోడిన్ ఉంది. పైగా తయారీ దగ్గర ఇంకా ఎక్కువ వేయాలి కాబట్టి చాలా ప్యాకెట్లలో అంతకంటే ఎక్కువే దొరుకుతుంది. ముప్పై రూపాయల ప్యాకెట్ చేస్తున్న పనికి డాలర్లు పోయడం ఎందుకని అడిగితే, "అది మామూలు ఉప్పు గదా తమ్ముడూ" అంటారు.

డబ్బుదేముంది, పోతే పోయింది. అసలు గొడవ వేరే ఉంది. ఉప్పులో అయోడిన్ సరిపడా అందే చోట హైపోథైరాయిడ్‌కి, అంటే గ్రంథి హార్మోన్ చాలినంత చేయలేకపోవడానికి, ముఖ్య కారణం అయోడిన్ లోపం కాదు, హషిమోటో అనే జబ్బు. మన రోగనిరోధక శక్తే గ్రంథి మీద పడి దాన్ని పాడుచేస్తుంది. అలాంటి గ్రంథికి అయోడిన్ ఎక్కువ పోస్తే పని పెరగదు, తగ్గొచ్చు. అయోడిన్ ఒక్కసారిగా పెరిగితే హార్మోన్ తయారీని కాసేపు ఆపేసుకోవడం గ్రంథికి సహజం. ఆరోగ్యంగా ఉన్నది కొద్ది రోజుల్లో మళ్లీ దారిలో పడుతుంది, హషిమోటో ఉన్నది ఒక్కోసారి పడలేదు. అప్పుడు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోన్ తగ్గితే రక్తపరీక్షలో పెరిగి కనిపించే అంకె) ఇంకా ఎక్కుతుంది. గొంతులో పాత గడ్డలున్న పెద్దవయసువాళ్లకు దీనికి తిరగబడి జరగొచ్చు: హార్మోన్ అదుపు తప్పి పెరిగి గుండెదడ, చేతుల వణుకు, బరువు తగ్గడం. గుండె లయ కోసం అమియోడరోన్ వాడేవాళ్లయితే 200 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కదాంట్లోనే దాదాపు 75 మిల్లీగ్రాముల అయోడిన్ మింగుతున్నారు. వాళ్లకు ఈ డబ్బా గుర్తే రాకూడదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పొద్దున పరగడుపున వేసుకునే లెవోథైరాక్సిన్ బరువులో దాదాపు 65 శాతం అయోడినే. ఆ మాత్ర గ్రంథి చేయలేని హార్మోన్‌నే తయారుగా ఇస్తుంది. డబ్బా ఇచ్చేది ముడిసరుకు. ఫ్యాక్టరీ యంత్రం చెడిపోయినప్పుడు గోడౌన్ నింపి ఏం లాభం?

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది మాత్రం బయోటిన్ అనే బి విటమిన్. జుట్టుకి మంచిదని ఇందులో కలిపారు. మన ల్యాబుల్లో వాడే కొన్ని పరీక్ష పద్ధతుల్లో రక్తంలో బయోటిన్ ఎక్కువగా ఉంటే టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా, థైరాయిడ్ హార్మోన్ టీ4 ఎక్కువగా కనిపిస్తాయి. రిపోర్ట్ చూసి, "చూశావా, డబ్బా పనిచేసింది" అని ఇంట్లో సంబరం. డాక్టర్‌కి ఈ డబ్బా సంగతి చెప్పరు కాబట్టి ఆయన మాత్ర డోసు తగ్గిస్తారు. మనిషి మాత్రం మెట్లెక్కితే ఆయాసం, కాళ్ల వాపు, మలబద్ధకం అంటూ మళ్లీ నా కౌంటర్ దగ్గరే. రక్తం ఇవ్వడానికి కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపాలి. ల్యాబ్‌లో అడగరు, మీరే చెప్పండి. అశ్వగంధ కూడా కొందరిలో థైరాయిడ్ హార్మోన్లను పెంచగలదు, అదీ డాక్టర్‌కి చెప్పాల్సిందే.

"జపాన్ వాళ్లు రోజూ నాచు తింటారు, వాళ్లకేం కాలేదుగా" అని ప్రకటనల్లో చెబుతారు. ఆ దేశంలోనే హొక్కైడో తీరంలో కొంబు నాచు విపరీతంగా తినే ఊళ్లలో గాయిటర్లు (థైరాయిడ్ ఉబ్బి గొంతు దగ్గర వచ్చే వాపు) కనిపించాయని 1960లలోనే అక్కడి వైద్యులు రాశారు. కెల్ప్‌లో అయోడిన్ రకానికో తీరుగా మారుతుంది కూడా. రోజుకి 500 మైక్రోగ్రాములు దాటే అయోడిన్, కెల్ప్ సప్లిమెంట్లు వద్దని అమెరికన్ థైరాయిడ్ అసోసియేషనే చెప్పింది. ఈ డబ్బా ఆ గీత లోపలే ఉంది, ఒప్పుకుంటా. కానీ పైన ఉప్పు నుంచి వచ్చేది కలపండి. వీడియోలు చూసి లూగోల్స్ అనే అయోడిన్ ద్రావణం చుక్కలు తాగేవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు: 5 శాతం ద్రావణం ఒక్క చుక్కలో 6 మిల్లీగ్రాముల పైనే, అంటే రోజు అవసరానికి నలభై రెట్లు.

ఇంతా రాశానని అయోడిన్ శత్రువనుకోకండి. శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1956లో మొదలుపెట్టి హిమాచల్‌లోని కాంగ్రా లోయలో అయోడిన్ కలిపిన ఉప్పు పంచి చూశారు. పంచిన చోట గాయిటర్లు బాగా తగ్గాయి, మామూలు ఉప్పు ఇచ్చిన చోట అలా తగ్గలేదు. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం వచ్చింది. లోపం ఉన్నచోట అయోడిన్ అంత పనిచేస్తుంది. ఇప్పుడు కూడా అవసరమైనవాళ్లున్నారు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు రోజుకి 250 మైక్రోగ్రాములు కావాలి, లేకపోతే బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. డాక్టర్ రాసిన విటమిన్ మాత్రలో అయోడిన్ ఉందో లేదో లేబుల్ వెనక చూడండి, కొన్నిట్లో ఉండదు. పింక్ సాల్ట్, సైంధవ లవణం ఆరోగ్యమని మొత్తం వంట వాటితోనే చేసే ఇళ్లు ఈమధ్య పెరిగాయి. వాటిలో చాలినంత అయోడిన్ ఉండదు. ఆవకాయకి కల్లుప్పు వాడుకోండి, మా అమ్మ ఇప్పటికీ అదే వాడుతుంది, ఆమెతో వాదించే ధైర్యం నాకు లేదు. రోజూ కూరల్లోకి మాత్రం అయోడైజ్డ్ ఉప్పు, అదీ మూత గట్టిగా ఉన్న డబ్బాలో, పొయ్యి సెగకి దూరంగా. బీపీ ఉన్నవాళ్లు అయోడిన్ పేరు చెప్పి ఉప్పు పెంచొద్దు.

సీసాకి, సీలుకి, లేబుల్‌కి నాలుగు స్టార్లు. థైరాయిడ్ మాత్ర వాడుతున్నవాళ్ల కోసమని కొంటే సరుకుకి ఒకటే. ఇప్పటికే వేసుకుంటున్నవాళ్లు డబ్బా, పాత రిపోర్టులు రెండూ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి, మాత్ర మాత్రం సొంతంగా ఆపొద్దు. సీలు తీయని డబ్బాలు షాపులో తిరిగి తీసుకుంటారా అని కొందరు అడుగుతున్నారు. తీసుకోం.