కథల పుస్తకమా, పేపరా, ఓఆర్ఎస్ పొట్లమా: పిల్లలకి ఏది చదివిస్తే మేలు?

మా చెల్లెలి కూతురు నాలుగో తరగతి. తెలుగు గడగడా చదివేస్తుంది. మొన్న వేసవి సెలవుల్లో తిరుపతి కొర్లగుంటలో వాళ్లింటికి వెళ్లినప్పుడు కోతి, మొసలి కథ చదివించాను. "గుండెకాయ చెట్టు మీదే పెట్టి వచ్చాను" అని కోతి ఎందుకు చెప్పిందే అని అడిగితే, "మరిచిపోయి వచ్చింది కదా పెద్దమ్మా" అంది.

నవ్వొచ్చింది, వెనకే టెన్షనూ వచ్చింది. అక్షరాలు వచ్చాయి, సంగతి ఎక్కలేదు. నేనున్న పది రోజులూ మూడు రకాలు చదివించి చూశాను.

కథలో అసలు విషయం పైకి చెప్పరు, పిల్లలే పట్టుకోవాలి. అదే దాని బలం. మర్నాడు అదే కథని నది మధ్యలో ఆపేసి, "నువ్వే కోతివైతే ఏం చేస్తావ్?" అన్నా. "ఏదో ఒక అబద్ధం..." అని ఆగి, నా మొహం చూసి నవ్వింది. చిక్కేమిటంటే, టీవీలో బొమ్మలుగా చూసేసిన కథలకి పుస్తకం తెరవకుండానే జవాబులు చెప్పేస్తారు.

పేపర్ దగ్గర ఆ పప్పులుడకవు. నిన్నటిది ఇవాళ ఉండదు. జిల్లా పేజీలో తిరుమల సమాచారం చిన్న బాక్సుగా వస్తుందే, దర్శనం చేసుకున్నవాళ్లు ఇంతమంది, తలనీలాలు ఇచ్చినవాళ్లు ఇంతమంది, హుండీ ఆదాయం ఇంత అని, నాకు అంతకన్నా మంచి పాఠం దొరకలేదు. "తలనీలాలంటే?" అంటే తెల్లమొహం వేసింది. రెండేళ్ల కిందట కొండ మీద గుండు చేయించుకున్నది తనే! గుండు తెలుసు, మాట తెలీదు. ఇంకో రోజు "టోకెన్లు లేని భక్తులకు సర్వదర్శనం 12 గంటలు" అని ఉంది. మరి టోకెన్ ఉంటే? మొదట "వాళ్లకీ పన్నెండే" అంది. వేలు పెట్టి మళ్లీ చదివి, 'లేని' దగ్గర ఆగింది. మొత్తం అర్థం ఆ ఒక్క మాటలోనే ఉందని తనంతట తనే పట్టుకుంది. కాకపోతే పేపర్ మొత్తంగా చేతికివ్వకండి. హత్యలు, యాక్సిడెంట్లు, పేరా అంత పొడుగు వాక్యాలు. నేను బాక్సు వరకే కత్తిరించి ఇచ్చేదాన్ని.

ఇక పొట్లం. ఎండకి సోలిపోయి వచ్చిన పిల్ల ఓఆర్ఎస్ పొట్లంలో సగమే గ్లాసులో ఒంపబోతుంటే, చదివి కలపమన్నాను. ఆ పొట్లం మీద రాసిన ప్రకారం, మొత్తం లీటరు నీళ్లలో వెయ్యాలి, కలిపింది 24 గంటల్లోపే తాగాలి. నీళ్లు తక్కువైతే ఉప్పు ఎక్కువై చేటు. తప్పు చదివితే తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది, అది మంచిదే. కానీ అయిదు నిమిషాల్లో అయిపోతుంది, కొత్త మాటలూ పెద్దగా రావు.

నన్నడిగితే మూడో తరగతి వరకు పిల్లలకి కథే, రెండో మాట లేదు. నాలుగులోకి వచ్చాక మాత్రం రోజుకో పేపర్ ముక్క. కథల పుస్తకాన్ని రాత్రి పడుకునే ముందుకి ఉంచుకోండి, అప్పుడు ప్రశ్నలు అడక్కండి.

నేను బయల్దేరే రోజు పొద్దున మా పిల్ల వారం బాక్సులన్నీ నేల మీద పరిచి కూర్చుంది. "శనివారం కన్నా మంగళవారం జనం తక్కువ పెద్దమ్మా. స్కూల్ తెరిచాక మంగళవారమే కొండకి పోదాం. సెలవు పెట్టమని అమ్మకి నువ్వే చెప్పు."