పిట్స్‌బర్గ్ వెళ్తే గుడితో పాటు ఇది కూడా చూడండి: ఆగస్ట్ విల్సన్ ఎగ్జిబిట్, సగం నా రివ్యూ సగం మా నాన్నది

పిట్స్‌బర్గ్ అంటే మన తెలుగువాళ్ళకి గుర్తొచ్చేది ఒకటే, పెన్ హిల్స్ కొండ మీదున్న వెంకటేశ్వరస్వామి గుడి. ఇండియా నుంచి అమ్మానాన్న వస్తే నయాగరా ఎలాగో ఇదీ అలాగే, చూపించకపోతే ఏదో తప్పు చేసినట్టు ఉంటుంది. మాది కొలంబస్, మూడు గంటల డ్రైవ్, పొద్దున్నే బయల్దేరి దర్శనం చేసుకుని క్యాంటీన్‌లో పులిహోర లాగించి సాయంత్రానికి తిరుగుముఖం, ఏడేళ్ళుగా ఇదే ప్రోగ్రాం. ఈసారి నేను పట్టుబట్టా, ఎలాగూ ఇంత దూరం వచ్చాం కదా డౌన్‌టౌన్‌లో ఒక గంట ఆగుదాం అని. మా ఆయనకి మ్యూజియం అంటే నిద్రొస్తుంది, అమ్మకి మోకాళ్ళ నొప్పులు, నాన్న ఒక్కడే "ఏముందమ్మా అక్కడ" అని అడిగాడు. నాటకాలు రాసిన ఒకాయన గురించి నాన్నా అన్నా. అంతే, చెప్పులేసుకుని కారు దగ్గర రెడీ.

మా నాన్నది తెనాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆర్టీసీలో డ్రైవర్‌గా చేశాడు గానీ ఆయన లెక్కలో అది పొట్టకూటికి, అసలు ఉద్యోగం నాటకం. హరిశ్చంద్రలో నక్షత్రకుడు, పరిషత్తుల్లో సాంఘిక నాటకాలు, నైట్ డ్యూటీ దిగి ఇంటికి రాకుండా రిహార్సల్‌కి పోయి అమ్మ చేత తిట్లు తిన్న మనిషి. కాబట్టి ఈ రివ్యూలో ఆయన మాటలు ఎక్కువే ఉంటాయి, ఏమీ అనుకోకండి.

చూసింది ఏంటంటే లిబర్టీ అవెన్యూలో ఆగస్ట్ విల్సన్ ఆఫ్రికన్ అమెరికన్ కల్చరల్ సెంటర్ అని ఉంది, అందులో 'ది రైటర్స్ ల్యాండ్‌స్కేప్' అనే పర్మనెంట్ ఎగ్జిబిట్, 2022లో తెరిచారు. విల్సన్ 1945లో ఇదే ఊళ్ళో హిల్ డిస్ట్రిక్ట్ అనే నల్లజాతి పేటలో పుట్టాడు, 2005లో అరవై ఏళ్ళకే పోయాడు. ఇరవయ్యో శతాబ్దంలో ఒక్కో దశాబ్దంలో జరిగే కథతో ఒక్కొక్కటి చొప్పున పది నాటకాలు రాశాడు, తొమ్మిది ఈ హిల్‌లోనే జరుగుతాయి, 'మా రెయినీస్ బ్లాక్ బాటమ్' ఒక్కటి షికాగోలో. 'ఫెన్సెస్'కి 1987లో, 'ది పియానో లెసన్'కి 1990లో పులిట్జర్ వచ్చింది. డెంజెల్ వాషింగ్టన్, వయోలా డేవిస్ చేసిన 'ఫెన్సెస్' సినిమా మీలో చాలామంది చూసే ఉంటారు, నేనూ అక్కడే మొదలుపెట్టా, సినిమా చూసి ఏడ్చి, తర్వాత మా లైబ్రరీ నుంచి ఒక్కొక్కటీ తెచ్చుకుని ఇప్పటికి ఏడు చదివా. మూడు మిగిలున్నాయి, దాచుకున్నట్టు దాచుకున్నా.

గుడి నుంచి డౌన్‌టౌన్‌కి వెళ్ళే దారిలో కార్లో నాన్నకి 'జిట్నీ' కథ చెప్పడం మొదలుపెట్టా. అసలు ఎగ్జిబిట్ కంటే ముందు ఇది చెప్పాలి, ఎందుకంటే కథ తెలియకుండా వెళ్తే లోపల వస్తువులే కనిపిస్తాయి, మనుషులు కనిపించరు. 1977, హిల్‌లో ఒక పాత గది, అందులో ఒక ఫోను, నలుగురైదుగురు డ్రైవర్లు సొంత కార్లతో కూర్చుని ఉంటారు, ఫోను మోగితే ఎవరి వంతు వస్తే వాళ్ళు వెళ్ళి ఎక్కించుకొస్తారు. లైసెన్సు లేని ట్యాక్సీలన్నమాట. నాన్నకి చిరాకొచ్చింది. "అంటే మన ట్రెక్కర్లు, షేర్ ఆటోల బాపతే కదా, బస్సు కదలకముందే స్టాండ్ ఎదురుగా నిలబడి ప్యాసింజర్లని లాక్కుపోయేవాళ్ళు, మా కలెక్షన్ అంతా వాళ్ళ జేబులోకే" అన్నాడు. ఆగు నాన్నా, ఇక్కడ సంగతి వేరు, మామూలు ట్యాక్సీవాళ్ళు నల్లవాళ్ళుండే ఆ పేటలోకి రారు, పిలిచినా రారు, అందుకని వీళ్ళే పెట్టుకున్నారు అన్నా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మరి వాళ్ళకి రూల్సూ అవీ ఉంటాయా" అని అడిగాడు. ఉంటాయి, ఓనర్ బెకర్ రాసిపెడతాడు, ఎక్కువ చార్జి తీసుకోకూడదు, కారు శుభ్రంగా ఉంచాలి, తాగకూడదు, మర్యాదగా మాట్లాడాలి, వాడిన పనిముట్లు తుడిచి మళ్ళీ చోట్లో పెట్టాలి. "అయితే మా డిపో నోటీసు బోర్డే" అన్నాడు, ఆ క్షణం నుంచి ఆయన బెకర్ పార్టీ. ఆ గది ఉన్న బిల్డింగ్‌ని సిటీవాళ్ళు కూలగొట్టబోతున్నారు అని చెప్పేసరికి మా ఆయన కూడా "తర్వాత ఏమైంది" అన్నాడు, స్టీరింగ్ మీద నుంచి చూపు తిప్పకుండా.

ఇక లోపల. మొదట కాఫీ హోటల్ లాంటి సెట్ ఉంటుంది, ఎందుకంటే విల్సన్ కుర్రతనంలో హిల్‌లోని హోటళ్ళలో కూర్చుని పక్క టేబుల్ ముసలాళ్ళ మాటలు వింటూ పేపర్ న్యాప్‌కిన్ల మీద రాసుకునేవాడట. నాన్న ఇక్కడే సెటిల్ అయిపోయాడు. వాడేసిన టికెట్ పుస్తకాల అట్టల మీద డైలాగులు రాసుకునేవాళ్ళం మేము కూడా అని అమ్మకి చెప్తున్నాడు, అమ్మ "నాకు తెలీదా, చొక్కా ఉతికితే అట్ట ముద్ద వచ్చేది" అంది. తర్వాత విల్సన్ రాసుకున్న డెస్కు. ఆ తర్వాత పది నాటకాలకీ ఒక వీధి లాగా కట్టారు, 1904 నుంచి 1997 దాకా నడుచుకుంటూ పోవచ్చు, మొత్తం పెద్దదేం కాదు, హడావుడిగా చూస్తే అరగంట కూడా పట్టదు, కథలు తెలిస్తే రెండు గంటలు.

విల్సన్ చదువు సంగతి నేను నాన్నకి విడిగా చెప్పా. పదిహేనేళ్ళప్పుడు నెపోలియన్ మీద ఇరవై పేజీల వ్యాసం రాసుకెళ్తే టీచర్ ఇది నువ్వు రాసింది కాదు, ఎవరో రాసిచ్చారు అన్నాడు. కుర్రాడు దాన్ని చించి చెత్తబుట్టలో పడేసి బయటికొచ్చాడు, మళ్ళీ బడి మొహం చూడలేదు. అమ్మకి చెప్పకుండా రోజూ బడి టైముకి బయల్దేరి కార్నెగీ లైబ్రరీకి వెళ్ళి కూర్చునేవాడు. ఆయన చదివిన కాలేజీ అదే. నాన్న ఆరో క్లాసుతో ఆపేసినవాడు, ఆ మాటకి తల ఊపాడు అంతే, కామెంట్ లేదు.

'ఫెన్సెస్' దగ్గరికి వచ్చేసరికి మాత్రం పంచాయితీ మొదలైంది. హీరో ట్రాయ్ మ్యాక్సన్, 1957, చెత్త ఎత్తే కార్మికుడు. ఒకప్పుడు బేస్‌బాల్ బ్రహ్మాండంగా ఆడాడు, కానీ నల్లవాళ్ళ లీగుల్లో, పెద్ద లీగులు తలుపులు తీసేసరికి ఈయనకి వయసైపోయింది. నాటకం మొదట్లో ఆయన ఆఫీసులో అడిగిన ప్రశ్న ఒకటే, తెల్లవాళ్ళు లారీ నడపడమేంటి, మేము మాత్రమే చెత్త మొయ్యడమేంటి అని. దాని మీద కంప్లైంట్ యూనియన్ దాకా వెళ్తుంది, ఉద్యోగం పోతుందనుకుంటాడు, పోదు, డ్రైవర్‌ని చేస్తారు. తమాషా ఏంటంటే ఆయనకి డ్రైవింగ్ లైసెన్సు లేదు. నాన్న పగలబడి నవ్వాడు, పక్కనున్నవాళ్ళు తిరిగి చూశారు. నవ్వు ఆగాక అన్న మాట ఇది: "ఒరే, అదీ నాటకం అంటే. మనవాళ్ళయితే ఈ పాయింటుకి ఆఖరి రంగంలో ఒకడు మైకు ముందుకొచ్చి సమాజమా మేలుకో అని పది నిమిషాలు పీకేవాడు, లైట్లు ఎర్రగా మార్చేవాళ్ళు. ఈయన వాడిని సీట్లో కూర్చోబెట్టి ఊరుకున్నాడు. చూసేవాడే అడుగుతాడు, ఇన్నాళ్ళూ ఎందుకు కూర్చోనివ్వలేదని."

నేను ఏడు నాటకాలు చదివి చెప్పలేకపోయింది ఇదే. విల్సన్ నాటకాల్లో సామాజిక విమర్శ అని థియేటర్ క్లాసుల్లో ఎంతైనా చెప్తారు గానీ అది ఎక్కడుంటుందంటే ఎవరు స్టీరింగ్ పట్టుకున్నారు, ఎవరు వెనక వేలాడుతున్నారు అన్నచోట ఉంటుంది. నాన్నకి అది డ్రైవర్‌గా తెలిసింది.

కానీ ట్రాయ్‌ని నాన్న వదల్లేదు. కొడుక్కి ఫుట్‌బాల్ మీద కాలేజీ సీటు వచ్చే ఛాన్సుంటే ట్రాయ్ పడనివ్వడు, పైగా నేనంటే నీకు ఎందుకు ఇష్టం లేదు అని పిల్లాడు అడిగితే, ఇష్టపడాలని ఏ చట్టంలో ఉంది, తిండి పెడుతున్నా గూడు ఇచ్చా అది నా బాధ్యత అంటాడు. ఇది చెప్తుంటే నాన్న నా వైపు చూడకుండా గోడ వైపు చూస్తున్నాడు. మా అన్నయ్యకి సినిమాల్లోకి వెళ్ళాలని ఉండేది, అదొక పాత గొడవ మా ఇంట్లో, ఇక్కడ వద్దులెండి.

అన్నిటికన్నా ఎక్కువసేపు మాట్లాడుకుంది మాత్రం 'టూ ట్రైన్స్ రన్నింగ్' గురించి. 1969, మెంఫిస్ అనే ఆయన హోటలు, దాన్ని సిటీ తీసేసుకోబోతోంది, ఎంతిస్తారు అన్నదే గొడవ, పాతిక వేల డాలర్లకి ఒక్క సెంటు తగ్గినా ఒప్పుకోనంటాడు. ఆ హోటల్లోకి హ్యాంబోన్ అని ఒక మతి చలించిన మనిషి రోజూ వస్తాడు. ఎదురు మాంసం కొట్టు తెల్లాయన కంచెకి రంగు వెయ్యమన్నాడు, వేస్తే కోడి, బాగా వేస్తే హ్యామ్, అంటే పంది తొడ మాంసం, ఇస్తానన్నాడు. ఇతను బాగానే వేశాడు. ఆయన కోడి తీసుకో పో అన్నాడు. ఇతను తీసుకోలేదు. తొమ్మిదిన్నరేళ్ళు, రోజూ పొద్దున్నే ఆ కొట్టు ముందు నిలబడి నా హ్యామ్ నాకు కావాలి అంటాడు, వేరే మాట దాదాపు రాదు నోట. అందరూ పిచ్చోడంటారు, ఒక ముసలాయన మాత్రం మనందరికంటే వాడికే బుద్ధి ఎక్కువేమో అంటాడు, పారేసింది తీసుకుని సర్దుకుపోలేదు కదా అని.

అమ్మ అప్పటిదాకా బెంచీ మీద కూర్చుని మోకాలు రాసుకుంటోంది. "కూలి డబ్బులు ఎగ్గొట్టడమేగా" అంది. తొమ్మిదిన్నరేళ్ళ కథని మూడు మాటల్లో తేల్చేసింది మా అమ్మ.

నాకొక కంప్లైంటు ఉంది, ఎగ్జిబిట్ మీద కాదు విల్సన్ మీద. ఆయన నాటకాల్లో మగాళ్ళు మాట్లాడుతూనే ఉంటారు, ఆడవాళ్ళు కాఫీ పోస్తూ ఉంటారు. 'టూ ట్రైన్స్'లో ఆడమనిషి ఒక్కతే, రీసా, 'జిట్నీ'లో కూడా ఒక్కతే. 'ఫెన్సెస్'లో రోజ్ ఒక్కసారి నోరు విప్పి పద్దెనిమిదేళ్ళు నేనూ నీ పక్కనే నిలబడ్డాను కదా అని అడిగితే హాలంతా నిశ్శబ్దం అయిపోతుంది, అలాంటిది రాయగలిగినవాడు మిగతాచోట్ల ఎందుకు రాయలేదు అని నాకు కోపం. ఎవరైనా డిఫెండ్ చేసేవాళ్ళుంటే చెయ్యండి, వింటా.

అక్కణ్ణుంచి పైకి హిల్‌కి వెళ్ళాం, 1727 బెడ్‌ఫర్డ్ అవెన్యూ, ఆయన పుట్టి పెరిగిన ఇల్లు. 2022 ఆగస్టులో బాగుచేసి మళ్ళీ తెరిచారు. లోపల చూడాలంటే ఎప్పుడు తెరుస్తారో ముందే చూసుకుని వెళ్ళాలి, నేను చూసుకోలేదు, తప్పు నాదే, బయటి నుంచే చూసి వచ్చాం. అప్పట్లో ముందు భాగం కిరాణా కొట్టు, వెనక రెండు గదుల్లో తల్లి డెయిజీ, ఆరుగురు పిల్లలు, వేడినీళ్ళు కూడా లేవు. జర్మన్ తండ్రి బేకరీలో పనిచేసేవాడు, ఇంటికి ఎప్పుడొస్తాడో తెలియదు. కొడుకు ఆయన ఇంటిపేరు కిట్టెల్ వదిలేసి అమ్మ పేరు విల్సన్ పెట్టుకున్నాడు. ముందు నీలం రంగు బోర్డు మీద పసుపు అక్షరాలతో చరిత్ర రాసుంది, నాన్న దాని పక్కన నిలబడి ఫొటో దిగాడు, గుడి ముందు దిగిన దానికంటే ఇదే బాగా వచ్చింది. వెనక పెరట్లో 2016లో 'సెవెన్ గిటార్స్' వేశారు, నాటకంలో కథ జరిగేది కూడా అలాంటి పెరట్లోనే. అది చెప్పగానే నాన్న మొహం చూడాలి.

వెళ్ళేదారిలో కిందికి చూస్తే లోయర్ హిల్. 1950ల్లో అభివృద్ధి పేరుతో ఆ పేటంతా నేలమట్టం చేశారు, ఎనిమిది వేల మంది దాకా ఇళ్ళు పోయాయి, నాలుగొందల పైచిలుకు షాపులు. ఆ స్థలంలో సివిక్ అరీనా కట్టి 1961లో తెరిచారు. ఆ అరీనాని కూడా 2012 కల్లా పడగొట్టేశారు. విల్సన్ నాటకాల్లో ఎప్పుడూ ఎవరో ఒకరి కొట్టో ఇల్లో సిటీవాళ్ళు కూలగొట్టబోతూ ఉంటారే, ఇదేంటి ఒకటే కథ మళ్ళీ మళ్ళీ అని చదివేటప్పుడు నాకు అనిపించేది, ఆ ఖాళీ జాగా చూశాక ఆ మాట వెనక్కి తీసుకున్నా.

ప్రాక్టికల్ సంగతులు: హిల్ నిజంగానే గుట్ట, పెద్దవాళ్ళని నడిపించకండి, కార్లోనే తిప్పండి. ముందు కనీసం 'ఫెన్సెస్' సినిమా చూపించి తీసుకెళ్ళండి, నెట్‌ఫ్లిక్స్‌లో 'మా రెయినీ', 'పియానో లెసన్' కూడా తీశారు. చిన్నపిల్లలకి బోర్ కొట్టొచ్చు, హైస్కూల్ పిల్లలైతే తప్పకుండా. గుడి పొద్దున పెట్టుకుని మధ్యాహ్నం ఇది పెట్టుకుంటే రోజు సరిపోతుంది, మధ్యలో తినడానికి పులిహోర ఒక ప్యాకెట్ ఎక్కువ కట్టించుకోండి.

రేటింగ్ నాది అయిదుకి అయిదు. నాన్న అర మార్కు కోశాడు, అన్నీ పెట్టారు గానీ నాటకం వెయ్యలేదు కదా అని.

తిరిగొచ్చేటప్పుడు చీకట్లో, అమ్మ నిద్రపోతోంది, నాన్న వెనక సీట్లోంచి మెల్లగా అడిగాడు, ఇంతకీ ఆ పిచ్చోడికి హ్యామ్ ఇచ్చారా అని. వాడు చచ్చిపోతాడు నాన్నా, చివర్లో స్టెర్లింగ్ అనే కుర్రాడు ఆ కొట్టు అద్దం పగలగొట్టి, చేతికి మొహానికి నెత్తురుతో హ్యామ్ పట్టుకొస్తాడు, శవపేటికలో పెట్టమని. "తెర ఎక్కడ వేస్తారు?" అన్నాడు. అక్కడే. "మ్ఁ" అన్నాడు, తర్వాత కొలంబస్ దాకా మాట్లాడలేదు.

నాన్న రిటర్న్ టికెట్ సెప్టెంబర్‌లో. ఈలోపు పిట్స్‌బర్గ్‌లో గానీ చుట్టుపక్కల గానీ విల్సన్ నాటకం ఎక్కడైనా వేస్తున్నారని తెలిస్తే చెప్పండి, ఎంత దూరమైనా పర్లేదు, ఈసారి నేను డ్రైవ్ చేస్తానంటున్నాడు, లైసెన్సు లేకపోయినా.