ఘాజీనా, దాస్ బోటా? టెన్షన్ కావాలంటే ఏది చూడాలి

సబ్‌మెరైన్ సినిమా అనగానే మనవాళ్ల నోట ముందు వచ్చేది ఘాజీనే, రావాలి కూడా. 2017లో సంకల్ప్ రెడ్డి మొదటి సినిమాకే ఇలాంటి కథ పట్టుకుని డ్యూయెట్లు, కామెడీ ట్రాకులు ఏవీ లేకుండా రెండు గంటల్లో ముగించి, తెలుగులో ఉత్తమ చిత్రంగా నేషనల్ అవార్డు కూడా కొట్టాడు. కేకే మీనన్ ఉన్నంతసేపు సినిమా వేరే లెవెల్. ఆర్డర్స్ వచ్చేదాకా ఆగేది లేదనే కెప్టెన్, ఆయన్ని ఆపడానికి పంపిన రానా, ఆ ఇరుకులో వాళ్లిద్దరి మధ్య గొడవే అసలు టెన్షన్. ఆయన పోయాక మాత్రం కొంచెం జారిపోయింది అనిపిస్తుంది నాకు.

ఇంకో ఇబ్బంది ఏంటంటే, ఘాజీలో శత్రువు కనిపిస్తూ ఉంటాడు, పాకిస్తాన్ కెప్టెన్ ఏం ప్లాన్ వేస్తున్నాడో మనకి ముందే తెలిసిపోతుంది, తెలిసాక ఇంక భయం ఏముంటుంది?

1981లో వోల్ఫ్‌గాంగ్ పీటర్సన్ తీసిన జర్మన్ సినిమా దాస్ బోట్‌లో ఆ పని చెయ్యడు. మనం రెండో ప్రపంచ యుద్ధం నాటి యూ-96 అనే జర్మన్ సబ్‌మెరైన్ లోపలే ఇరుక్కుపోతాం, పైన బ్రిటిష్ యుద్ధనౌక డిస్ట్రాయర్ తిరుగుతుంటే దాని ప్రొపెల్లర్ చప్పుడు దగ్గరికొస్తుంది, అందరూ ఊపిరి బిగబట్టి పైకి చూస్తుంటారు, అంతే, నీళ్లలో పేలే బాంబు, డెప్త్ చార్జ్, ఎప్పుడు పేలుతుందో వాళ్లకీ తెలీదు మనకీ తెలీదు. జిబ్రాల్టర్ దగ్గర దెబ్బ తిని 280 మీటర్ల లోతుకి పోయి అడుగున ఆగే సీన్ అయితే చేతులు చెమట పట్టాల్సిందే. వైజాగ్ ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం లోపల తిరిగినవాళ్లకి ఆ గుండ్రటి ద్వారాల్లోంచి మనిషి దూరడమే ఎంత కష్టమో తెలుసు కదా, ఇందులో కెమెరామెన్ యోస్ట్ వకానో కెమెరా చేత్తో పట్టుకుని వాటిలోంచే పరిగెడతాడు.

నాకు బాగా గుచ్చుకున్నది మాత్రం ట్యాంకర్ సీన్. వీళ్లు ముంచిన ఓడ తగలబడుతుంటే మనుషులు నీళ్లలోకి దూకి వీళ్ల వైపే ఈదుకుంటూ వస్తారు, ఎక్కించుకోవడానికి చోటు లేదు, కెప్టెన్ సబ్‌మెరైన్‌ని వెనక్కి నడపమంటాడు. హిట్లర్ సైన్యం వాళ్లని తెలిసీ వాళ్ల మొహాలు చూస్తే జాలేస్తుంది, గెలిచాం అన్న ఫీలింగ్ ఒక్కళ్లకీ ఉండదు. ఘాజీ జనగణమన సీన్‌తో రోమాలు నిక్కబొడిపిస్తుంది, అది దాని బలం, కానీ ఇలాంటి ప్రశ్న వెయ్యదు.

చరిత్ర కోసం చూసేవాళ్లకి ఒక మాట. 1971 డిసెంబర్‌లో వైజాగ్ దగ్గర పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగింది నిజం, మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్లే అని మనవాళ్లు, లోపల జరిగిన పేలుడు అని పాకిస్తాన్ అంటారు, సినిమాలో చూపించిన సబ్‌మెరైన్ల ఫైట్ మాత్రం కల్పితం. దాస్ బోట్ కూడా నవల నుంచి తీసిందే, కాకపోతే ఆ రచయిత బుఖ్‌హైమ్ 1941లో నిజంగానే యూ-96 ఎక్కి వెళ్లొచ్చాడు.

నా ఓటు దాస్ బోట్‌కే. పిల్లలతో కూర్చుని చూడాలంటే ఘాజీ పెట్టండి. దాస్ బోట్‌కి 1997 డైరెక్టర్స్ కట్ వెతుక్కోండి, దాదాపు మూడున్నర గంటలు, డబ్బింగ్ జోలికి పోకుండా జర్మన్ ఆడియోతోనే, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని.