స్లాష్ 29 బ్లాక్, మైక్రోటిక్ హెక్స్: కొన్నేళ్లు వాడాక నా మాట

విజయవాడలో మా ఆడిటింగ్ ఆఫీసుకు ఐదు పబ్లిక్ ఐపీలు (ఇంటర్నెట్‌లో బయటినుంచి నేరుగా చేరగలిగే అడ్రసులు) తీసుకుని కొన్నేళ్లయింది. వాటికోసం పెట్టిన రౌటర్ మైక్రోటిక్ కంపెనీ హెక్స్, ఆర్‌బీ750జీఆర్3 మోడల్. అరచేతిలో పట్టే తెల్ల పెట్టె, ఐదు గిగాబిట్ పోర్టులు, వైఫై లేదు. ఇప్పటికీ అదే మోడల్ నడుస్తోంది. పెట్టె సంగతి కాస్త తర్వాత చెబుతాను. ఎందుకంటే ఈ వ్యవహారంలో సగం తలనొప్పి, లైన్ ఇచ్చేవాళ్లు ఐపీలను మన చేతికి ఎలా అందించారన్న దగ్గరే మొదలవుతుంది.

ముందు అసలు ఇన్ని ఐపీలు ఎందుకని అడిగేవాళ్లకు. వెబ్‌సైట్లు నాలుగున్నా ఒక్క ఐపీ చాలు, రివర్స్ ప్రాక్సీ పెట్టుకుంటే పేరు చూసి దేన్ని ఎటు పంపాలో అదే పంపేస్తుంది. మాకు అవసరం పడింది బయటికి వెళ్లే ట్రాఫిక్ విషయంలో. ఆఫీసులో ఎవరి పీసీకో వైరస్ సోకి స్పామ్ పంపడం మొదలుపెడితే ఆ ఐపీ బ్లాక్‌లిస్టులో పడుతుంది. మెయిల్ సర్వర్ కూడా అదే ఐపీతో బయటికి వెళుతుంటే క్లయింట్లకు మెయిల్స్ ఆగిపోతాయి. రిటర్నుల గడువు రోజుల్లో అలా జరిగితే ఎంత టెన్షనో వేరే చెప్పక్కర్లేదు. అందుకే మెయిల్‌కు ఒకటి, స్టాఫ్ బ్రౌజింగ్‌కు ఒకటి, వచ్చిపోయేవాళ్ల వైఫైకి ఒకటి. ఇంకొకటి ఎస్సెమ్మెస్‌లు పంపిపెట్టే గేట్‌వే సర్వీసు కోసం. వాళ్లు తమ లిస్టులో రాసుకున్న ఐపీ నుంచి వస్తే తప్ప రిక్వెస్ట్ తీసుకోరు.

ఇక లెక్క. స్లాష్ 29 అంటే ఎనిమిది అడ్రసులు. మొదటిది, చివరిది తీసేయాలి, ఒకటి ప్రొవైడర్ గేట్‌వేకి, అంటే వాళ్ల వైపు రౌటర్‌కు పోతుంది, మనకు మిగిలేవి ఐదు. ఇది బ్లాకును నేరుగా వైరు మీద ఇచ్చినప్పటి మాట. రెండో పద్ధతిలో రౌటర్‌కు విడిగా ఒక చిన్న స్లాష్ 30 లింకు ఇచ్చి, మొత్తం ఎనిమిదినీ దానివైపు రౌట్ చేస్తారు. అప్పుడు నాట్‌తో (లోపలి అడ్రసును బయటి అడ్రసుగా మార్చే పద్ధతి) ఎనిమిదీ వాడుకోవచ్చు, ఏఆర్పీ (ఏ ఐపీ ఏ పరికరానిదో వెతికే పద్ధతి) గొడవా ఉండదు. సంతకం పెట్టకముందే ఈ రెండిట్లో ఏది ఇస్తారో అడగండి. సేల్స్ అబ్బాయికి ప్రశ్న అర్థం కాకపోతే నెట్‌వర్క్ టీమ్‌కు ఫోన్ కలపమనండి. మాకు వచ్చింది మొదటి రకం. ఓఎన్‌టీ బాక్సును (ఫైబర్ లైన్ వచ్చి తగిలే పెట్టె) బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే తాను రౌటింగ్ చేయకుండా దాటించేలా పెట్టించి, ఐదు అడ్రసులనూ హెక్స్ మొదటి పోర్టుకే ఎక్కించాం.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. ఉదాహరణకు మెయిల్ సర్వర్ లోపల 192.168.88.10, బయట 203.0.113.4 అనుకుందాం. బయటినుంచి .4కు వచ్చేదాన్ని లోపలి సర్వర్‌కు మళ్లించే డీఎస్‌టీ-నాట్ రూల్ రాయగానే బయటి మెయిల్స్ లోపలికి వస్తాయి, పని అయిపోయిందనిపిస్తుంది. కానీ సర్వర్ పంపే మెయిల్స్ మాత్రం మాస్కరేడ్ రూల్ (లోపలినుంచి వెళ్లే అన్నిటికీ రౌటర్ బయటి ఐపీ తొడిగే రూల్) పట్టుకుని 203.0.113.2తో బయటికి పోతుంటాయి. పీటీఆర్ రికార్డు (ఐపీ ఏ పేరుదో చెప్పే రికార్డు) చూస్తే .4 మీద ఉంటుంది. అవతలివాళ్లకు పొంతన కుదరదు, స్పామ్‌లోకి తోసేస్తారు. .10 నుంచి వెళ్లేదాన్ని .4గా మార్చే ఎస్ఆర్‌సీ-నాట్ రూల్ ఒకటి విడిగా రాయాలి, అది మాస్కరేడ్ కంటే పైన ఉండాలి. రౌటర్ పైనుంచి కిందికి చదువుకుంటూ పోతుంది, ముందు తగిలిన రూల్‌తోనే ఆగిపోతుంది. అన్నట్టు, పీటీఆర్ మీ డొమైన్ ప్యానెల్లో పెట్టుకునేది కాదు. ఐపీ ఇచ్చినవాళ్లే పెట్టాలి, మెయిల్ రాసి గుర్తుచేస్తూ ఉండాలి.

ఆ మధ్య మరో హెక్స్ కొని, అదే సెట్టింగులు ఎక్కించి పాతదాని స్థానంలో పెట్టి చూశాం. బ్రౌజింగ్ ఐపీ వెంటనే పలికింది, మిగతా నాలుగూ చచ్చుబడ్డాయి. ప్రొవైడర్ హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేస్తే "లింక్ బాగానే ఉంది సార్, మీ రౌటరే చెడిపోయుంటుంది" అన్నారు. నిజానికి వాళ్ల గేట్‌వే ఆ నాలుగు ఐపీలకు పాత రౌటర్ మ్యాక్ అడ్రస్‌నే (పోర్టుకు ఫ్యాక్టరీలో ఇచ్చిన గుర్తింపు నంబరు) గుర్తుపెట్టుకుని, ప్యాకెట్లను దానికే పంపుతోంది. కొత్త రౌటర్ తానే ముందు పలకరించిన ఐపీ ఒక్కటే సరిపోయింది. సిస్కో పరికరాల్లో ఈ జ్ఞాపకం డిఫాల్ట్‌గా 4 గంటలు ఉంటుంది. ఆఫీసు నడిచే వేళ అంతసేపు ఎవరు ఆగుతారు? పాత పెట్టె మ్యాక్‌ను కొత్త దాని వాన్ (బయటి లైన్ తగిలే) పోర్టుకు కాపీ చేశాం, నిమిషంలో అన్నీ లేచాయి. అప్పటినుంచి పాత పెట్టె వెనక స్టిక్కర్ ఫొటో నా ఫోన్‌లో పెట్టుకున్నాను.

ఇప్పుడు పెట్టె. డిఫాల్ట్ ఫైర్‌వాల్ బాగుంది, లాన్ (ఆఫీసు లోపలి నెట్‌వర్క్) వైపు నుంచి కానిది రౌటర్‌లోకి రానివ్వదు. దాన్ని తుడిచేసి మొదటినుంచి రాయమనే వీడియోలను నమ్మకండి. 2018లో విన్‌బాక్స్‌లో (మైక్రోటిక్ రౌటర్లను సెట్ చేసే ప్రోగ్రాం) పెద్ద లోపం బయటపడింది. ఆ ఏప్రిల్లోనే సవరణ వచ్చినా, అప్‌డేట్ చేయనివాళ్ల రౌటర్లు నెలల తర్వాత కూడా క్రిప్టో మైనింగ్ ముఠాలకు చిక్కాయి. కాబట్టి విన్‌బాక్స్ వాడే 8291 పోర్టు బయటికి తెరవొద్దు. ట్యాలీ కోసం రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 కూడా అంతే. పబ్లిక్ ఐపీ ఉంది కదా అని రిమోట్ డెస్క్‌టాప్ నేరుగా పెడితే, పాస్‌వర్డ్ ఊహించేవాళ్లతో లాగ్ నిండిపోతుంది. మైక్రోటిక్ సాఫ్ట్‌వేర్ రౌటర్ ఓఎస్ 7లో వైర్‌గార్డ్ అనే వీపీఎన్ ఉంది, మావాళ్లంతా ఇంటినుంచి దాంతోనే వస్తారు.

వేగానికి మా 200 ఎంబీపీఎస్ లైన్ దీనికి లెక్కే కాదు. కాకపోతే వైఫైకి వేగం కట్ చేద్దామని సింపుల్ క్యూ పెడితే ఆ ట్రాఫిక్‌కు ఫాస్ట్‌ట్రాక్ (ప్యాకెట్లను తనిఖీలు దాటవేసి వేగంగా పంపే దారి) ఆపాలి, లేకపోతే క్యూ పనిచేయదు. స్టోరేజీ 16 ఎంబీయే, అదనపు ప్యాకేజీలకు పెద్దగా చోటుండదు. మాకు బాగా నచ్చింది మాత్రం కరెంటు విషయం. 8 నుంచి 30 వోల్టుల దాకా ఏదిచ్చినా తీసుకుంటుంది. బజార్లో దొరికే 12 వోల్టుల మినీ యూపీఎస్ తగిలించాం, కరెంటు పోయినా లైన్ ఊగదు. మెనూల విషయంలో మాత్రం ఓపిక కావాలి. నెక్స్ట్, నెక్స్ట్ కొట్టుకుంటూ పోయే అలవాటున్నవాళ్లకు ఇది నప్పదు.

అడ్రసులకు కొరతే లేని ఐపీవీ6 వచ్చాక ఇదంతా ఎందుకంటారు కొందరు. ఆ ఎస్సెమ్మెస్ గేట్‌వే ఫారంలో ఇప్పటికీ ఐపీవీ4కే గడి ఉంది మరి.

ఇంట్లో సీసీ కెమెరాలు చూసుకోవడానికైతే ఈ బ్లాక్ దండగ. మెయిల్ సర్వర్ సొంతంగా నడిపేవాళ్లు, వైట్‌లిస్టుల (అనుమతించిన ఐపీల లిస్టుల) అవసరం ఉన్నవాళ్లు తీసుకోండి. తీసుకునేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: ఈ ఐపీలు ప్రొవైడర్‌వి, లైన్ మారితే మనతో రావు. పీటీఆర్, డీఎన్ఎస్, వైట్‌లిస్టు ఫారాలు అన్నీ మళ్లీ మొదటికొస్తాయి. మారే రోజు వస్తే పాత లైన్, కొత్త లైన్ ఒక నెల కలిపి నడిపే ఖర్చు బడ్జెట్లో వేసుకోవాల్సిందే.