తండాలో ఏఐ ఎక్స్‌రేనా, జిల్లా ఆసుపత్రి ఎక్స్‌రేనా?

చందంపేట తండాల్లో, అమ్రాబాద్ చెంచు పెంటల్లో (గూడేల్లో) టీబీని పట్టడానికి రెండు దారులున్నాయి. చేత్తో మోసుకెళ్లే ఎక్స్‌రేకు ఏఐ జోడించడం ఒకటి, మనిషిని జిల్లా ఆసుపత్రికి పంపి రేడియాలజిస్టుతో చూపించడం రెండోది.

జల్లెడ పట్టడానికి మొదటిదే మేలు. ఎక్స్‌రే తీసిన కాసేపట్లోనే టీబీ అనుమానం ఎంతో చెప్పే స్కోరు వస్తుంది, అనుమానముంటే అక్కడే తెమడ డబ్బా చేతికివ్వొచ్చు. ఆసుపత్రికి పంపితే ఆ రోజు కూలి పోతుంది. రిపోర్టు వచ్చేసరికి పాలమూరు కూలీ ముంబయి బస్సెక్కి ఉంటాడు.

కానీ ఎక్స్‌రే బొమ్మ చెడితే ఏఐ కూడా తప్పే చెబుతుంది. ముందు తాయెత్తు, పూసలదండ, అద్దాలూ బిళ్లలూ కుట్టిన రవిక తీయించి గౌను ఇవ్వాలి, ఆడమనిషి తోడుండాలి. గదవ పైకెత్తి, భుజాలు ముందుకు తోసి, గాలి నిండా పీల్చి బిగబట్టమనాలి. సగం ఊపిరితో తీస్తే ఊపిరితిత్తుల కింది భాగం తెల్లగా కమ్మి, లేని జబ్బు కనిపిస్తుంది. చిన్న యంత్రానికి శక్తి తక్కువ గనుక లావుపాటివాళ్ల బొమ్మ మసకగా వస్తుంది.

పాత టీబీ మచ్చలు, క్రషర్లలో పనిచేసినవాళ్లకు రాతి ధూళితో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్ దగ్గర రేడియాలజిస్టే నయం. పాత ఎక్స్‌రేలు పక్కన పెట్టుకుని చూస్తారు, చేసిన పని అడుగుతారు. పిల్లలకూ ఆసుపత్రే: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఏఐతో ఎక్స్‌రే చదివించడాన్ని సిఫార్సు చేసింది 15 ఏళ్లు నిండినవారికే.

ఎంత స్కోరు దాటితే అనుమానించాలనే హద్దు తగ్గిస్తే, తెమడలో టీబీ క్రిమిని పట్టే ట్రూనాట్ పరీక్ష చిప్పులు ఎక్కువ ఖర్చవుతాయి, పెంచితే రోగులు జారిపోతారు. చిప్పులున్నచోట తగ్గించడమే న్యాయం. స్కోరొక్కటే చూసి మాత్రం మందులు మొదలుపెట్టొద్దు.