బురుజు, గడి, రాకాసి గుడి: హనుమకొండ నుంచి చీకటి చరిత్ర యాత్రలు

ఎల్గందుల, రామగిరి, ఖిలా వరంగల్ పేర్ల పక్కన 'దయ్యాల కోట' అని తగిలించిన వీడియోలకు కొదవ లేదు. అర్ధరాత్రి టార్చిలైటు, ఊపిరాడనట్టు మాటలు, చివర్లో ఓ గబ్బిలం. పాత కోటల్లో రాత్రిపూట నిజంగా భయపడాల్సినవి మూడే: గట్టు లేని బావులు, పాములు, మందు పెట్టుకుని కూర్చున్న గుంపులు. పైగా పురావస్తు శాఖ కాపలా ఉన్నచోట చీకటి పడ్డాక లోపల దొరికితే దయ్యం కంటే ముందు పోలీసులొస్తారు. వాటిని వదిలేయండి. ఒళ్ళు జలదరించే చోట్లు మన దిక్కున చాలానే ఉన్నాయి. అన్నీ పట్టపగలు చూడాల్సినవే. టికెట్టు, గైడు, బోర్డు చాలాచోట్ల ఉండవు కాబట్టి ఏది చూడదగ్గది, ఏది పేరుకే మిగిలింది అన్నది ముందే తెలుసుకుని బయల్దేరాలి.

మకాం హనుమకొండలో పెట్టుకోవడం మేలు. కాజీపేట జంక్షన్ పక్కనే ఉంది, అన్ని ధరల్లో లాడ్జీలున్నాయి, తూర్పున అడవికీ పడమరన జనగామకూ రోడ్లు బాగున్నాయి. ఆర్టీసీ బస్సులో మండల కేంద్రం దాకా వెళ్ళొచ్చు. అక్కడి నుంచి ఆటో బేరం, తిరుగు ప్రయాణానికి మళ్ళీ బేరం, దాంతో రోజుకు ఒక్క చోటు చూడటమే గగనమవుతుంది. ముగ్గురు నలుగురు కలిస్తే కారు మాట్లాడుకోవడమే చవక. మాట్లాడేటప్పుడే నాలుగు సంగతులు తేల్చుకోండి: రోజుకు కనీసం ఎన్ని కిలోమీటర్లకు లెక్క కడతారు, డ్రైవర్ బత్తా అందులోనే ఉందా, రాత్రి ఎన్ని గంటల తర్వాత అదనం, మట్టి రోడ్డు మీదికి బండి దించుతారా. చివరిది అడగకపోతే తూర్పు అడవిలోని దామరవాయి ముందు బండి ఆగిపోతుంది, మిగతా దూరం మీ కాళ్ళ మీదే.

మొదటి రోజు జనగామ వైపు పెట్టుకోండి. ఈ యాత్ర మొత్తంలో ఒక్కటే చూడగలిగితే బైరాన్‌పల్లి చూడాలి. జనగామ మీదుగా హనుమకొండ నుంచి వంద కిలోమీటర్లకు అటూ ఇటూ. ఇప్పుడది సిద్దిపేట జిల్లాలో ఉంది. ఊరి నడుమ ఎత్తైన బురుజు. నిజాం ఏలుబడి చివరి రోజుల్లో రజాకార్ల దోపిడీని అడ్డుకోవడానికి ఊరి యువకులు దాని మీద వంతులవారీగా కాపలా కాశారు, నాటు తుపాకులూ మందుగుండూ దాచుకున్నారు. దాడికి వచ్చినవాళ్ళను అంతకుముందు తిప్పికొట్టారు కూడా. ఆ కక్షతోనే 1948 ఆగస్టు 27 తెల్లవారకముందే రజాకార్లు, నిజాం సైనికులు ఊరిని చుట్టుముట్టారు. ఫిరంగి దెబ్బకు బురుజు మీది మందుగుండు అంటుకుంది. తర్వాత ఇళ్ళలోంచి మగవాళ్ళను ఈడ్చుకొచ్చి, వరసగా నిలబెట్టి కాల్చారు. చనిపోయినవాళ్ళ సంఖ్య పుస్తకానికో తీరుగా ఉంటుంది, ఎక్కువగా వినిపించేది 96. భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి అడుగుపెట్టింది సెప్టెంబర్ 13న. అంటే ఇంకో పదిహేడు రోజులు ఆగగలిగి ఉంటే ఊరు బతికేది. బురుజు కింద నిలబడి ఈ లెక్క వేసుకుంటే మాట పెగలదు.

చూసే పద్ధతి కూడా చెప్పుకోవాలి. ముందు బురుజు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసినట్టు తిరగండి. రాయికీ రాయికీ మధ్య మట్టి రాలిన చోట్లు, తుపాకి గొట్టం పట్టేంత సందులు దగ్గరకు వెళ్తేనే కనిపిస్తాయి. అప్పుడు తలెత్తి చూస్తే ఆ ఎత్తునుంచి ఊరి నాలుగు దారులూ ఎలా కనబడి ఉంటాయో అర్థమవుతుంది. పైకి ఎక్కే ఆలోచన పెట్టుకోవద్దు, పాత కట్టడం, వానాకాలంలో రాళ్ళు జారతాయి. ఆ తర్వాత అమరుల స్తూపం దగ్గరికి వెళ్ళి పేర్లు చదవండి. ఒకే ఇంటి పేరు ఎన్నిసార్లు వస్తుందో గమనించండి. గైడు దొరకడు, అరుగు మీద కూర్చున్న పెద్దవాళ్ళే దిక్కు. కెమెరా చేతిలో పెట్టుకుని "తాతా, ఎంతమందిని చంపిండ్రు?" అని మొదలుపెడితే ఎవరూ పలకరు. ఎక్కడి నుంచి వచ్చారో చెప్పి, కాసేపు కూర్చుని, రికార్డు చేయొచ్చా అని అడిగితే ఊరంతా తిప్పి చూపిస్తారు. డబ్బులు చేతిలో పెట్టబోవద్దు, నొచ్చుకుంటారు. సంస్మరణ జరిగే ఆగస్టు 27న నాయకుల కార్లు, మైకులతో ఊరు కిక్కిరిసిపోతుంది. ఆ ఒక్కరోజు తప్పించి ఏ రోజైనా మంచిదే. భోజనం జనగామలోనో చేర్యాలలోనో చేసుకుని వెళ్ళండి.

అదే రోజు తిరుగు దారిలో కడవెండి, విసునూరు కలుపుకోవచ్చు. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ గడి (దొరల కోటలాంటి ఇల్లు) ముందు నుంచి సాగిన ఊరేగింపు మీద కాల్పులు జరిగి దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. తెలంగాణ సాయుధ పోరాటానికి నిప్పంటుకుంది అక్కడే. స్తూపం ఉంది, పది నిమిషాల పని. విసునూరు గడి శిథిలాల్లో మాత్రం తిరగడం కంటే బయట నుంచి చూడటం నయం. పైకప్పు లేని గోడలు, ముళ్ళ కంప, లోపల తేళ్ళు. దొర దర్పం ఎంతటిదో ప్రహరీ ఎత్తే చెబుతుంది.

పరకాల హనుమకొండకు 35 కిలోమీటర్లే, ఒక పూట చాలు. 1947 సెప్టెంబర్ 2న, దేశానికి స్వాతంత్ర్యం వచ్చి మూడు వారాలు కూడా కాకముందే, జాతీయ జెండా ఎగరేయడానికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన జనం మీద నిజాం పోలీసులు, రజాకార్లు కాల్పులు జరిపారు. 22 మంది చనిపోయారని చెప్పుకుంటారు. 2003లో కట్టిన అమరధామంలో ఆ ఘట్టాన్ని శిల్పాలుగా మలిచారు. కట్టడం శుభ్రంగా ఉంది, పిల్లలతో వెళ్ళడానికి ఇదే అనువైనది. కానీ బైరాన్‌పల్లి చూసొచ్చిన కంటికి ఇది కాస్త పార్కులా అనిపిస్తుంది. అందుకే ముందు పరకాల, తర్వాత బైరాన్‌పల్లి అన్న వరస పెట్టుకున్నా తప్పులేదు.

జైలు చూడాలన్న సరదా ఉన్నవాళ్ళకు వరంగల్‌లో ఇప్పుడు చోటు లేదు. 1886 నాటి సెంట్రల్ జైలును 2021లో ఆసుపత్రి కోసం నేలమట్టం చేశారు. ఒక్క బ్యారక్ ఉంచి మ్యూజియం చేసినా బాగుండేది. జైల్లో రాత్రి గడపాలనే పంతం ఉంటే దారి మార్చుకుని సంగారెడ్డి పోవాలి. అక్కడి పాత జైలులో 2016లో రోజుకు 500 రూపాయలకు ఖైదీ బట్టలు, చిప్ప, గ్లాసు ఇచ్చి లోపల ఉంచే పథకం పెట్టారు. వెళ్ళేముందు అది నడుస్తోందో లేదో జైలు మ్యూజియానికే ఫోన్ చేసి కనుక్కోండి. నిజామాబాద్ ఖిల్లా మీది పాత జైలు మాత్రం అన్నివిధాలా దీనికంటే ఎక్కువ. దాశరథి కృష్ణమాచార్య బందీగా ఉండి గోడ మీద పద్యం రాసింది అందులోనే, పక్కనే రామాలయం.

ఇక తూర్పు అడవి. ములుగు, పస్రా దాటి తాడ్వాయికి హనుమకొండ నుంచి 90 కిలోమీటర్ల లోపే. ఆ మండలంలోని దామరవాయి గుట్ట మీద ఉన్నవి ఆదిమ కాలపు సమాధులు, వందకు పైనే. చుట్టుపక్కలవాళ్ళు వీటిని రాకాసి గుళ్ళు అంటారు. మనుషులు ఎత్తలేని బండలు కాబట్టి రాక్షసులు కట్టారని నమ్మకం. ఒక్కోటి ఎలా కట్టారో చూడండి: నాలుగు వైపులా నిలబెట్టిన రాతి పలకలు, వాటి మీద ఇంటి కప్పంత ఒకే బండ, లోపల శవాన్ని ఉంచడానికి తొలిచిన రాతి తొట్టి, చుట్టూ గుండ్రంగా పేర్చిన బండలు. కప్పు బండ కింద వంగి లోపలికి తొంగిచూస్తే తొట్టిలో నిలిచిన వాన నీళ్ళూ ఎండుటాకులూ కనిపిస్తాయి. చాలా తొట్లు పగిలి ఉన్నాయి, నిధుల కోసం తవ్వినవాళ్ళ పని అది. ఒరిగిపోయిన పలక మీద కూర్చుని ఫోటో దిగబోవద్దు. మూడు పలకల మీద నిలిచిన బండ నాలుగో దాని మీదికి ఎప్పుడు జారుతుందో ఎవరూ చెప్పలేరు.

ఊళ్ళోంచి గుట్ట దాకా అడవి బాట, మధ్యలో వాగు. ఊరివాళ్ళలో ఒకరిని కూలి ఇచ్చి వెంట తీసుకెళ్ళాలి. బాటలు చీలిపోతాయి, ఫోన్‌లో మ్యాపు పనిచేయదు. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, చీలమండ కప్పే బూట్లు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. పొద్దున ఏడింటికి ఊళ్ళో ఉంటే పదకొండుకల్లా కిందికి దిగొచ్చు. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. టేకు ఆకు రాలిన కొద్దీ దాగున్న సమాధులు బయటపడతాయి కాబట్టి ఫిబ్రవరి ఇంకా మేలు. ఏప్రిల్, మే ఎండల్లో ఆ బండలు పెనంలా కాలతాయి.

ఇదే వరసలో రేగొండ దగ్గరి పాండవుల గుట్ట రాక్ క్లైంబింగ్ చేసేవాళ్ళకు బాగుంటుంది, ఆదిమానవుల ఎరుపు రంగు బొమ్మలు కూడా ఉన్నాయి. తాడు, హెల్మెట్, నేర్పేవాళ్ళు ఉంటేనే ఎక్కాలి. అటవీ శాఖ వాళ్ళతో ముందుగా మాట్లాడుకోండి. చరియల కింద తేనెపట్లు ఉంటాయి, సెంటు పూసుకోవడం, పొగ పెట్టడం వద్దు.

జలపాతాల దగ్గర మాత్రం ఆగి ఆలోచించాలి. ఈ అడవిలో ప్రాణాలు తీసేది ఎక్కువగా నీళ్ళే. వెంకటాపురం మండలం వీరభద్రవరం దగ్గరి ముత్యంధారకు 2023 జూలై 26న వెళ్ళిన దాదాపు 80 మంది తిరిగొచ్చే దారిలో వాగు పొంగి రాత్రంతా అడవిలో ఇరుక్కుపోయారు. విపత్తు దళం వచ్చి బయటికి తీసింది. ఎందుకలా అయిందంటే, కింద ఎండ కాస్తున్నా ఛత్తీస్‌గఢ్ వైపు గుట్టల మీద కురిసిన వాన కాసేపటికి ఈ వాగుల్లోకి దిగుతుంది. పొద్దున మోకాలి లోతున దాటిన వాగు మధ్యాహ్నానికి నడుమెత్తు అవుతుంది. నీళ్ళ రంగు ఉన్నట్టుండి ఎర్రబారినా, పుల్లా ఆకూ కొట్టుకొచ్చినా వెంటనే ఎత్తైన గట్టుకు చేరి, వాగు దిగేదాకా అక్కడే ఆగాలి. చేతులు పట్టుకుని గొలుసుగా దాటేద్దాం అనుకున్నవాళ్ళే కొట్టుకుపోతారు. అటవీ శాఖ దారి మూసేస్తే మాత్రం దొంగదారి చూపిస్తామనే కుర్రాళ్ళ మాట వినొద్దు. ఇంకో కారణం కూడా ఉంది: 2024 జూన్‌లో వాజేడు మండలం కొంగాల అడవిలో మందుపాతర పేలి ఒక గ్రామస్తుడు చనిపోయాడు. ఆ దిక్కున నలిగిన బాట వదిలి ఒక్క అడుగు కూడా పక్కకు వేయకూడదు. నీళ్ళే చూడాలంటే బొగత జలపాతం చాలు, మెట్లు, కంచె, కాపలా ఉన్నాయి. గుండంలోకి దిగనివ్వలేదని అక్కడి సిబ్బందితో గొడవ పెట్టుకోకండి.

అడవి వైపు రాత్రి బసకు తాడ్వాయి కుటీరాలు, లక్నవరం పర్యాటక శాఖ కాటేజీలు ఉన్నాయి. లక్నవరం హంగు ఎక్కువ, శనాదివారాలు రద్దీ, సంగీతం మోత. ఈ యాత్రకు తాడ్వాయే సరిపోతుంది. గదిలో దోమతెర ఉందా, కరెంటు పోతే జనరేటర్ ఎన్ని గంటలు నడుస్తుంది, రాత్రి భోజనం ముందే చెప్పాలా అన్నవి అడిగి బుక్ చేయండి. మేడారం జాతర ఏడాది అయితే ఆ వారం ముందూ వెనకా ఈ రోడ్డు మొహం చూడకండి, గదీ దొరకదు, బండీ కదలదు.

ఇంకా ఓపిక ఉన్నవాళ్ళకు ఆదిలాబాద్ చుట్టు ఉంది, 600 కిలోమీటర్ల దాకా అవుతుంది, రెండు రాత్రులు కావాలి. నిర్మల్‌లో తిరుగుబాటు చేసిన గోండు నాయకుడు రాంజీ గోండునూ ఆయన వెంట నడిచినవాళ్ళనూ ఉరితీసిన వెయ్యి ఉరుల మర్రి ఇప్పుడు లేదు, గుర్తుగా కట్టింది మాత్రమే ఉంది. చెట్టు ఉంటుందని ఆశపడి వెళ్తే నిరాశే. గుడిహత్నూర్ దగ్గర మలుపు తిరిగితే ఇంద్రవెల్లి. 1981 ఏప్రిల్ 20న పోలీసు కాల్పుల్లో ఆదివాసులు చనిపోయిన చోట స్తూపం నిలిచి ఉంది. సర్కారు లెక్క 13 మంది, హక్కుల సంఘాల లెక్క అంతకు ఎన్నో రెట్లు. ఏప్రిల్ 20 దగ్గరపడితే తనిఖీలు, ఆంక్షలు ఉండొచ్చు, గుర్తింపు కార్డు దగ్గరుంచుకోండి. ఉట్నూరు, జైనూరు దారిలో మార్లవాయి ఉంది. కొమురం భీం మరణం తర్వాత గోండుల గురించి అధ్యయనం చేయడానికి వచ్చిన మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్, ఆయన భార్య బెట్టి ఎలిజబెత్ ఉన్న ఊరు, ఆమె సమాధి అక్కడే. ఆ పైన కెరమెరి ఘాట్, హట్టి దాటి జోడేఘాట్. భీం 1940లో నేలకొరిగిన చోట ఇప్పుడు మ్యూజియం, విగ్రహం ఉన్నాయి. వర్ధంతి జరిగే ఆశ్వయుజ పౌర్ణమికి జనసంద్రం. మామూలు రోజుల్లో గుట్టల మధ్య ఒంటరి రోడ్డు, సాయంత్రం నాలుగుకే కిందికి దిగడం మొదలుపెట్టాలి. పెట్రోలు ఉట్నూరులోనే నింపుకోండి.

ఒక చోటు గురించి తరచూ అడుగుతుంటారు: 2020 మేలో వలస కార్మికులు, వాళ్ళ ఇంటివాళ్ళు సహా తొమ్మిది మంది శవాలు తేలిన గొర్రెకుంట బావి. పోవద్దు. అక్కడ చూడటానికి ఏమీ లేదు, చుట్టూ బతుకుతున్నవాళ్ళకు అదింకా మానని పుండు. కొండగట్టు పాత ఘాట్ రోడ్డు దగ్గర సెల్ఫీలకు కూడా ఇదే మాట. 2018 సెప్టెంబర్ 11న బస్సు లోయలో పడి 60 మందికి పైగా పోయిన మలుపది, వాహనం ఆపడానికి జాగా లేదు, వెనక నుంచి వచ్చే బండికి మీరు కనిపించరు.